ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను వెనక్కి పోనివ్వని ఎంజైమ్: పీసీఎస్‌కే9

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ (చెడు కొలెస్ట్రాల్) 35 నుంచి 40 శాతం దాకా తగ్గుతుంది. మోతాదు 20కి పెంచితే అదనంగా తగ్గేది 6 శాతం. 40కి పెంచితే ఇంకో 6. 80 చేసినా అంతే. మాత్ర బలం రెట్టింపైన ప్రతిసారీ ఫలితం ఇంత తక్కువ పెరగడానికి ఒక ముఖ్య కారణం కాలేయమే తయారుచేసే ఒక ఎంజైమ్. దాని పేరు పీసీఎస్‌కే9. స్టాటిన్ వాడే కొద్దీ రక్తంలో అది పెరుగుతుంది. అంటే మందు ఒకవైపు చేసిన పనిని శరీరం ఇంకోవైపు నుంచి కొంత చెరిపేస్తోంది.

ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు గుండె వైద్యుల చీటీల్లోనూ కనిపిస్తున్నాయి. ఖరీదైన మందులు. అవి ఎవరిలో పనిచేస్తాయి, ఎవరిలో చేయవు అన్నది తేలాలంటే ముందు కాలేయ కణం కొలెస్ట్రాల్‌ను లోపలికి ఎలా తీసుకుంటుందో చూడాలి. (కింద వచ్చే కొలెస్ట్రాల్ అంకెలన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో.)

కాలేయ కణం పైపొర మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే ప్రొటీన్లు, అంటే ఎల్‌డీఎల్ రిసెప్టర్లు, ఉంటాయి. రిసెప్టర్ తల రక్తం వైపు, తోక కణం లోపలి వైపు ఉంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువును తల పట్టుకుంటుంది. లోపల ఏఆర్‌హెచ్ అనే అడాప్టర్ ప్రొటీన్ తోకను పట్టుకుని, క్లాత్రిన్ అనే ప్రొటీన్ పూత ఉన్న గుంటలోకి రిసెప్టర్‌ను చేరుస్తుంది. ఆ గుంట లోపలికి కుంగి, సంచిలా తెగిపోయి, కణంలోకి వెళుతుంది. సంచిలో ఆమ్లత్వం పెరుగుతుంది. రక్తంలో 7.4 ఉండే పీహెచ్ ఇక్కడ 6 దగ్గరకు దిగుతుంది. ఆ పులుపుకు రిసెప్టర్ ఆకారం మారి, తనలోకి తాను మడుచుకుంటుంది. పట్టు సడలి ఎల్‌డీఎల్ రేణువు విడిపోతుంది. రేణువు కణంలోని జీర్ణ సంచి అయిన లైసోసోమ్‌కు వెళ్లి ముక్కలవుతుంది. ఖాళీ అయిన రిసెప్టర్ మళ్లీ పైపొరకు చేరుతుంది. ఒక్క రాకపోకకు పట్టేది సుమారు 10 నిమిషాలు. దాదాపు 20 గంటల ఆయుష్షులో ఒక్కో రిసెప్టర్ వంద సార్లకు పైగా ఇలా తిరుగుతుంది.

రక్తంలో ఎల్‌డీఎల్ ఎంత ఉంటుందన్నది ప్రధానంగా ఈ రాకపోకలే తేలుస్తాయి. రిసెప్టర్ వంద సార్లు తిరిగితే ఒక లెక్క, ఒక్కసారికే నాశనమైతే ఇంకో లెక్క. పీసీఎస్‌కే9 చేయి పెట్టేది సరిగ్గా ఇక్కడే.

ఈ ఎంజైమ్ కాలేయ కణాల నుంచి రక్తంలోకి వస్తుంది. కణం పైపొర మీద ఉన్న రిసెప్టర్‌కు, ఈజీఎఫ్-ఏ అనే భాగం దగ్గర, అతుక్కుంటుంది. రెండూ కలిసి సంచిలోకి వెళతాయి. మామూలుగా పులుపు తగిలితే పట్టు సడలాలి. పీసీఎస్‌కే9 విషయంలో పట్టు ఇంకా బిగుసుకుంటుంది, అదీ వంద రెట్లకు పైగా. మడత మంచం కీలులో పుల్ల ఇరికిస్తే మంచం మడవడానికి ఎలా రాదో, రిసెప్టర్ పరిస్థితి అలా అవుతుంది. మడుచుకోలేని రిసెప్టర్ పైకి తిరిగిపోలేదు. ఎల్‌డీఎల్‌తో పాటే లైసోసోమ్‌లో పడి జీర్ణమైపోతుంది.

ఇందులో ఒక విశేషం ఉంది. పీసీఎస్‌కే9 ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌ల కుటుంబానికి చెందినదే అయినా రిసెప్టర్‌ను మాత్రం కోయదు. జీవితంలో అది కోసేది ఒక్కదాన్నే, తననే. 692 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారయ్యాక, కణం లోపలే 152, 153 స్థానాల మధ్య తనను తాను తెంచుకుంటుంది. తెగిన ముక్క విడిపోకుండా ఎంజైమ్ కోత స్థానంలోనే బిరడాలా కూర్చుంటుంది. ఆ తర్వాత దానికి ఇంక దేన్నీ కోసే వీలుండదు. కోత శక్తి పూర్తిగా తీసేసిన పీసీఎస్‌కే9ను, దాని ముక్కతో కలిపి విడిగా తయారుచేసి కణాలకు ఇచ్చినా రిసెప్టర్లు తగ్గాయని 2007లో ప్రయోగాలు చూపించాయి. మందుల తయారీని ఇది బాగా మలుపు తిప్పింది. మామూలు ఎంజైమ్ అయితే కోత గుంటలో ఇమిడే చిన్న అణువుతో మాత్ర తయారుచేయవచ్చు. ఇక్కడ అడ్డుకోవాల్సింది రెండు ప్రొటీన్ల మధ్య ఉన్న వెడల్పాటి, చదునైన అతుకును. అందుకే మొదట వచ్చినవి మాత్రలు కావు, యాంటీబాడీ ఇంజెక్షన్లు.

స్టాటిన్ ఎందుకు దీన్ని పెంచుతుంది? స్టాటిన్ వల్ల కాలేయ కణంలో కొలెస్ట్రాల్ తయారీ తగ్గుతుంది. కొరత గుర్తించిన కణం ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతుంది. అది ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువును నడిపిస్తుంది, మనకు కావలసింది అదే. కానీ పీసీఎస్‌కే9 జన్యువును నడిపేది కూడా అదే ఎస్‌ఆర్‌ఈబీపీ-2. రిసెప్టర్లు పెరుగుతాయి, వాటిని నాశనం చేసేదీ పెరుగుతుంది. నికరంగా లాభమే, కాబట్టి స్టాటిన్ మానేయడానికి ఇది కారణం కాదు. స్టాటిన్ మీద ఉన్న మనిషికి పీసీఎస్‌కే9 అడ్డంకిని కలిపితే ఎల్‌డీఎల్ ఇంకో 50 నుంచి 60 శాతం పడిపోవడానికి మాత్రం ఇదీ ఒక కారణం.

ఈ ఎంజైమ్ సంగతి బయటపడిందీ కుటుంబాల ద్వారానే. 2003లో మాంట్రియాల్‌లో నబిల్ సైదా బృందం, పారిస్‌లో కేథరిన్ బోయిలో బృందం కలిసి, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న ఫ్రెంచ్ కుటుంబాల్లో పీసీఎస్‌కే9 జన్యువులో మార్పులు ఉన్నాయని చూపించాయి. ఆ మార్పులు ఎంజైమ్ పనిని పెంచేవి. అటు తర్వాత డల్లాస్‌లో జొనాథన్ కోహెన్, హెలెన్ హాబ్స్ దీనికి తలకిందులుగా ఉన్న మనుషులను వెతికారు. 2006లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం, ఈ జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో (కాపీల్లో) ఒకటి పనిచేయని నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, 15 ఏళ్లలో గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. రెండు ప్రతులూ పనిచేయని ఒక స్త్రీలో ఎల్‌డీఎల్ 14 మాత్రమే ఉన్నా ఆమె ఆరోగ్యంగానే ఉంది. ఇంతకంటే గట్టి భరోసా మందుల కంపెనీలకు ఇంకేం కావాలి? 2015లోనే అలిరోక్యుమాబ్, ఎవోలోక్యుమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్లు అమెరికా మార్కెట్‌లోకి వచ్చేశాయి. 27,564 మంది మీద జరిగి 2017లో వెలువడిన ఫూరియర్ పరీక్షలో, స్టాటిన్ మీద ఉన్నవాళ్ల ఎల్‌డీఎల్ మధ్యస్థ విలువ ఎవోలోక్యుమాబ్‌తో 92 నుంచి 30కి దిగింది. గుండెపోటు, పక్షవాతం లాంటి ప్రధాన ఘటనలు కలిపి 15 శాతం తగ్గాయి.

ఇంత బాగా పనిచేసే మందు కొందరిలో ఏమాత్రం పనిచేయదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన సంగతి ఇదే, ఎందుకంటే ఇక్కడ మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి. పీసీఎస్‌కే9ను అడ్డుకోవడం అంటే రిసెప్టర్‌ను కాపాడటం. కాపాడటానికి అసలు రిసెప్టరే లేకపోతే?

వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ జబ్బులో, ఒక ప్రతి మాత్రమే చెడినవాళ్లు దాదాపు 250 నుంచి 300 మందికి ఒకరు ఉంటారు. వీళ్లలో ఎక్కువమందికి లోపం ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువులోనే. పెద్దయ్యాక ఎల్‌డీఎల్ సాధారణంగా 190 దాటి ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ ఈ లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బంధుత్వం లేని దంపతుల్లో ఇలా జరగడం చాలా అరుదు. 250 మందికి ఒకరు చొప్పున లెక్కేస్తే రెండున్నర లక్షల కాన్పులకు ఒకటి. తాతకు లోపం ఉందనుకుంటే మేనరికంలో లెక్క మారిపోతుంది. తాత కొడుకు బిడ్డ, కూతురు బిడ్డ పెళ్లి చేసుకుంటే, ఆ ఇద్దరిలో ఒక్కొక్కరికి లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాళ్ల బిడ్డకు రెండు ప్రతులూ చెడే అవకాశం 64లో ఒకటి. అక్క కూతురిని చేసుకున్న మేనమామ విషయంలో, తాత కొడుకే వరుడు కాబట్టి, అది 32లో ఒకటి. ఇవి భయపెట్టడానికి చెప్పే అంకెలు కావు. ఇంట్లో ఒకరికి 40 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే, ఆ ఇంట్లో మేనరికాలూ ఉంటే, పిల్లల రక్తపరీక్ష వాయిదా వేయకూడదని చెప్పడానికే.

రెండు ప్రతులూ చెడిన బిడ్డలో ఎల్‌డీఎల్ 400 పైన, తరచూ అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద, వేళ్ల సందుల్లో పసుపు రంగు గడ్డలు లేస్తాయి. మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దళసరి అవుతుంది. చర్మ వ్యాధి అనుకుని పూతలు పూయడం, గడ్డ అనుకుని కోయించడం జరుగుతుంటుంది. కోసినా మళ్లీ లేస్తాయి. ఈ పిల్లలకు పదేళ్లకే బృహద్ధమని కవాటం, దాని పైభాగం ఇరుకవడం మొదలుకావచ్చు. అందుకే గడ్డ కనబడిన రోజే లిపిడ్ ప్రొఫైల్, ఎకో రెండూ చేయించాలి.

బిడ్డ రిపోర్టు ఒక్కటే చాలదు. తల్లిదండ్రులిద్దరి లిపిడ్ ప్రొఫైల్ కూడా అదే వారంలో తీయించాలి. ఏ ఖరీదైన జన్యు పరీక్ష కన్నా ముందు ఎక్కువ సంగతులు చెప్పేది ఈ చవక పరీక్షే. ఇద్దరికీ 190 పైన ఉంటే లోపం రిసెప్టర్‌లో ఉందనే అనుమానం బలపడుతుంది. ఇద్దరికీ మామూలుగా ఉంటే కథ వేరు. అప్పుడు రెండు జబ్బులను తలచుకోవాలి. ఒకటి, పైన చెప్పిన ఏఆర్‌హెచ్ అడాప్టర్ లోపం. ఇందులో రిసెప్టర్లు పైపొర మీద బాగానే ఉంటాయి, ఎల్‌డీఎల్‌ను పట్టుకుంటాయి కూడా, కానీ కాలేయ కణంలోకి లాక్కెళ్లేది లేక అక్కడే ఆగిపోతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన ప్రతి వస్తేనే జబ్బు బయటపడుతుంది కాబట్టి తల్లిదండ్రుల అంకెలు మామూలుగానే ఉంటాయి. ఈ పిల్లలు రిసెప్టర్ లేని పిల్లల కన్నా స్టాటిన్లకు మెరుగ్గా స్పందిస్తారు. రెండోది సైటోస్టెరోలీమియా. మొక్కల నుంచి వచ్చే, కొలెస్ట్రాల్‌ను పోలిన స్టెరాల్‌లను పేగు బయటకు నెట్టలేకపోవడం. మామూలు ల్యాబ్ యంత్రం ఆ స్టెరాల్‌లను కూడా కొలెస్ట్రాల్‌గానే లెక్కేస్తుంది. దీనికి స్టాటిన్ పెద్దగా పనిచేయదు, పేగు దగ్గర పనిచేసే ఎజెటిమైబ్ మాత్ర, ఆహార నియమం పనిచేస్తాయి. మూడు జబ్బుల్లోనూ పైకి కనిపించేవి అవే గడ్డలు, మందు మాత్రం ఒక్కటి కాదు.

రిసెప్టర్ తోకలో ఒక్క అక్షరం మారినా ఇలాంటి చిక్కే వస్తుందని మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ముందే చూపించారు. వాళ్లు పరిశీలించిన ఒక రోగి కణాల్లో రిసెప్టర్ ఎల్‌డీఎల్‌ను పట్టుకునేది, కానీ గుంటలోకి చేరలేకపోయేది. తోకలో 807వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట సిస్టీన్ అనే ఇంకోటి ఉంది. కణం రిసెప్టర్‌ను లోపలికి తీసుకోవడం అనేది వేరే పని అని, పట్టుకోవడంతో అది అయిపోదని తేల్చిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. ఈ పరిశోధనలకే 1985లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

పెద్దవాళ్ల విషయానికి వస్తే, ఎల్‌డీఎల్ 190 దాటగానే వంశపారంపర్యం అని రాసేయకూడదు. ముందు టీఎస్‌హెచ్ చూడాలి. థైరాయిడ్ మందగిస్తే రిసెప్టర్లు తగ్గి ఎల్‌డీఎల్ పెరుగుతుంది, థైరాక్సిన్ మాత్రతోనే దిగివస్తుంది. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్నదీ చూడాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో కాలేయం పీసీఎస్‌కే9ను ఎక్కువ విడుదల చేస్తుంది. పీసీఎస్‌కే9 మోతాదు కొలిచే రక్తపరీక్షతో మాత్రం వైద్యానికి ఉపయోగం లేదు. దాని మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

ల్యాబ్ రిపోర్టులోని ఎల్‌డీఎల్ అంకె చాలాచోట్ల కొలిచినది కాదు, లెక్కగట్టినది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్‌ను), రక్తంలోని ఇంకో రకం కొవ్వైన ట్రైగ్లిసరైడ్‌లలో ఐదో వంతును తీసేస్తే వచ్చేది ఎల్‌డీఎల్. ట్రైగ్లిసరైడ్‌లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. 200 దాటి, ఎల్‌డీఎల్ 70 లోపు ఉన్నప్పుడు కూడా తప్పుతుంది, అదీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఉదాహరణకు ఇంజెక్షన్ వాడుతున్న మధుమేహ రోగికి మొత్తం 112, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిసరైడ్‌లు 250 అనుకుందాం. 112లో 38, 50 తీసేస్తే 24. అది చూసి మందు తగ్గించేస్తే పొరపాటు. ఇలాంటప్పుడు నాన్-హెచ్‌డీఎల్ చూడాలి, 112లో 38 పోను 74. లేదా డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని అడిగి చేయించాలి. ఇంకోటి, గుండెపోటు వచ్చిన ఒకటి రెండు రోజుల తర్వాత ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పడిపోతుంది. స్టెంట్ వేసిన మూడో రోజు తీసిన రిపోర్టులో అంకె బాగుందని ధీమా పడకూడదు.

మందుల వరుస ఇలా ఉంటుంది. గుండె జబ్బు వచ్చినవాళ్లకు మొదట బలమైన మోతాదు స్టాటిన్, అంటే అటోర్వాస్టాటిన్ 40 లేదా 80, రోసువాస్టాటిన్ 20 లేదా 40. దీనికి ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. అది పేగు కణం కొలెస్ట్రాల్‌ను లోపలికి తీసుకునే ఎన్‌పీసీ1ఎల్1 ప్రొటీన్‌ను ఆపుతుంది. భారత కార్డియాలజీ సొసైటీ 2024లో చెప్పిన లక్ష్యం అతి ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకు 55 లోపు, ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకు 70 లోపు. రెండు మాత్రలూ క్రమం తప్పకుండా వాడి, నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత చూసినా లక్ష్యం అందకపోతే అప్పుడు ఇంజెక్షన్. ఎవోలోక్యుమాబ్ రెండు వారాలకోసారి 140 మిల్లీగ్రాములు లేదా నెలకోసారి 420. అలిరోక్యుమాబ్ రెండు వారాలకోసారి 75 లేదా 150. ఇంక్లిసిరాన్ 284 మిల్లీగ్రాములు మొదటి రోజు, మూడో నెల, ఆపైన ఆరు నెలలకోసారి. మొదటి రెండూ రక్తంలోని పీసీఎస్‌కే9ను పట్టేస్తాయి. మూడోది కాలేయ కణంలో దాని తయారీనే ఆపుతుంది.

యాంటీబాడీ మందు నింపి వచ్చే ఇంజెక్షన్ పెన్నులకు ఇక్కడి ఎండ పెద్ద శత్రువు. వాటిని 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. బయట 25 డిగ్రీల లోపు గదిలో 30 రోజుల దాకా ఉంచవచ్చని కాగితం మీద ఉంటుంది. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటే నెల్లూరులో, ఒంగోలులో ఆ గది ఏసీ లేకుండా దొరకదు. కాబట్టి ఆ వెసులుబాటు మన ఊళ్లకు లేదనే అనుకోవాలి. చెన్నై నుంచి పార్శిల్‌లో తెప్పిస్తే థర్మోకోల్ పెట్టె, గుడ్డ చుట్టిన జెల్ ప్యాక్ ఉండాలి. ఐసు నేరుగా తగిలి గడ్డకట్టినా ప్రొటీన్ చెడిపోతుంది, అలాంటి పెన్ను వాడకూడదు. ఒక తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గదికి ఆనించి పెట్టకూడదు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచడం మేలు. పొడిచే ముందు అరగంట బయట పెట్టి, దానంతట అది చల్లదనం పోనివ్వాలి. వేడి నీళ్లలో ముంచకూడదు, కుదపకూడదు. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి పొట్ట మీదో, తొడ మీదో గుచ్చి, మందు పూర్తిగా దిగేదాకా 15 నుంచి 20 సెకన్లు నొక్కి ఉంచాలి. తొందరపడి లాగేస్తే సగం మందు చర్మం మీదే కారుతుంది. ఇంక్లిసిరాన్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, గడ్డకట్టకుండా చూస్తే చాలు. ఉదయగిరి వైపు పల్లెల్లో ఉండేవాళ్లకు ఇది నిజంగా పెద్ద సౌలభ్యం.

రొయ్యలు మానాలా అన్నది ఈ జిల్లాల్లో ప్రతి గుండె రోగీ అడిగే ప్రశ్న. ఉడికించిన 100 గ్రాముల రొయ్యల్లో కొలెస్ట్రాల్ 150 నుంచి 200 మిల్లీగ్రాములు ఉన్నా సంతృప్త కొవ్వు చాలా తక్కువ. కాలేయంలో రిసెప్టర్ల పనిని ఎక్కువగా తగ్గించేది సంతృప్త కొవ్వే. అంటే వారానికోసారి తినే రొయ్యల పులుసు కన్నా రోజూ అన్నంలో పోసుకునే నెయ్యి, పామాయిల్‌లో వేగిన రొయ్యల వేపుడు, మలై కాజా మీద పట్టు బిగించడం అవసరం. రెండు ప్రతులూ చెడిన పిల్లలకు మాత్రం ఆహారం ఒక్కటే సరిపోదు.

మోతాదు తప్పితే ఏం చేయాలన్నది మందును బట్టి మారుతుంది. రెండు వారాల పెన్ను ఏడు రోజుల లోపు గుర్తొస్తే వేసుకుని పాత తేదీల ప్రకారమే కొనసాగాలి. ఏడు రోజులు దాటితే ఆ మోతాదు వదిలేసి తర్వాతి తేదీకి వేసుకోవాలి. ఇంక్లిసిరాన్ మూడు నెలల లోపు ఆలస్యమైతే వేయించుకుని పాత వరుసలోనే సాగవచ్చు. అంతకు మించితే మళ్లీ మొదటి రోజు, మూడో నెల, ఆరు నెలల వరుస కొత్తగా మొదలుపెట్టాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలు ఈ మందుల సంగతి ముందే వైద్యులతో మాట్లాడాలి.

యాంటీబాడీ మొదలుపెట్టాక నాలుగు నుంచి ఎనిమిది వారాలకు, తర్వాతి ఇంజెక్షన్‌కు ముందు రోజుల్లో పరీక్ష చేయించాలి. అప్పుడు మందు ప్రభావం అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ అంకెను నమ్మవచ్చు. సగానికి తగ్గాల్సింది 10, 15 శాతమే తగ్గితే మొదట అడగాల్సింది ఇంజెక్షన్ వచ్చిందని స్టాటిన్ మానేశారా అని. చాలామంది మానేస్తారు. తర్వాత పెన్ను ఎక్కడ ఉంచారు, ఎలా గుచ్చుకున్నారు అని చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి కూడా ఎల్‌డీఎల్ కదలకపోతే రిసెప్టరే లేదన్న అనుమానం రావాలి. 2014లో వెలువడిన టెస్లా పరీక్షలో, రెండు ప్రతులూ చెడినవాళ్లకు ఎవోలోక్యుమాబ్ సగటున 31 శాతం దాకా తగ్గించింది, రిసెప్టర్ బొత్తిగా తయారు కానివాళ్లలో మాత్రం ఏమీ చేయలేదు. అలాంటి బిడ్డకు అదే ఇంజెక్షన్ ఇంకో ఏడాది కొనిపించడం అన్యాయం. రిసెప్టర్‌తో పని లేకుండా ఎల్‌డీఎల్‌ను తగ్గించే దారులు వేరే ఉన్నాయి. యంత్రంతో రక్తం నుంచి ఎల్‌డీఎల్‌ను వడకట్టే ఎఫెరిసిస్, లోమిటాపైడ్, ఎవినాక్యుమాబ్ అనే మందులు. చివరి దారి కాలేయ మార్పిడి, కొత్త కాలేయంతో పనిచేసే రిసెప్టర్లే వస్తాయి. ఇవి పెద్ద కేంద్రాల్లోనే జరుగుతాయి కాబట్టి, అక్కడికి పంపే కాగితం మీద బిడ్డ అంకెలతో పాటు తల్లిదండ్రుల ఎల్‌డీఎల్, వాళ్ల బంధుత్వం, ఇంజెక్షన్‌కు ముందు తర్వాత వచ్చిన విలువలు రాసి పంపాలి.